తిరుగు టికెట్టు

మన సంస్థ స్టోర్స్ విభాగంలో 34 సంవత్సరాలు పనిచేసి 2023 జూలైలో పదవీ విరమణ చేశాను. నన్నెరిగిన మిత్రులకు నా చాదస్తం కూడా తెలిసే ఉంటుంది. గేటుపాసు లేనిదే మోటారు సంగతి అటుంచి, ఒక్క నట్టు కూడా ప్రహరీ దాటడానికి వీల్లేదనేవాణ్ణి. తిరిగి రావలసిన వస్తువుకు ఒక రకం గేటుపాసు, తిరిగి రానక్కరలేని వస్తువుకు మరొక రకం. మరమ్మతుకని బయటికి వెళ్లినది గడువులోగా తిరిగి రాకపోతే, ఎవరి సంతకం మీద వెళ్లిందో వారికి మూడోనాటికి నా లేఖ అందేది. లోపలికి వచ్చే సరుకు విషయంలోనూ అంతే. చలాను లేని పెట్టెను ఏనాడూ దింపించుకోలేదు.

అటువంటివాణ్ణి, సముద్రాల ఆవలి నుంచి వచ్చిన ఆరేళ్ల పసివాణ్ణి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మా ఇంట్లోకి దింపించుకొన్నాను.

పదవీ విరమణానంతర జీవితాన్ని గురించి ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు, తీర్థయాత్రల గురించో, పెరటి తోట గురించో వ్రాద్దామనుకొన్నాను. కాని మన టౌన్‌షిప్పులో వీధికి నలుగురి పిల్లలైనా విదేశాలలో ఉన్న రోజులివి. మాకు జరిగినది రేపు మరొక క్వార్టరులో జరుగవచ్చు. అందుచేత సంకోచం విడిచి వ్రాస్తున్నాను. ఇందుకు మా అమ్మాయి అనుమతి తీసుకొన్నాను. మా అల్లుడి అనుమతి కూడా తీసుకొన్నాను. ఆ రెండో అనుమతి కూడా అవసరమన్న తెలివి నాకు చాలా ఆలస్యంగా కలిగింది.

2022 మే నెలలో మా అమ్మాయి కొడుకును వెంటబెట్టుకొని అమెరికా నుంచి వేసవి సెలవులకు వచ్చింది. అల్లుడే విమానాశ్రయానికి వచ్చి సాగనంపాడు. ఆగస్టు మొదటి వారానికి తిరుగు టికెట్లు కూడా అతడే కొని ఇచ్చాడు. పిల్లవాడు అక్కడే పుట్టినవాడు గనుక అమెరికా పౌరుడు. వాడి చిన్న సంచిలో రెండు జతల బట్టలు, నాలుగు బొమ్మ కార్లు, వాళ్ల ఊరి గ్రంథాలయం ముద్ర ఉన్న బొమ్మల పుస్తకం ఒకటి ఉన్నాయి. డైనోసార్ల పుస్తకం. వచ్చిన మర్నాడే నాకు చూపించి, "తాతయ్యా, దీన్ని తిరిగి ఇచ్చేయాలి. పాడు చేయకూడదు" అని హెచ్చరించాడు. వాడూ నా బాపతేనని మురిసిపోయాను.

పదో రోజు రాత్రి, పిల్లవాడు నిద్రపోయాక, అమ్మాయి వంటింటి గడపలో కూర్చొని, "నాన్నా, నేనిక వెళ్లను" అన్నది. వాళ్లమ్మ ఏడ్చింది. నేను కారణం అడిగాను. భర్త మీద ఆధారపడిన వీసా కావడం వల్ల అక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. బ్యాంకు ఖాతా అతడి పేరనే ఉంది. ప్రతి డాలరుకూ లెక్క అడుగుతాడు. రోజుల తరబడి మాట్లాడడు. మాట్లాడితే మనసు విరిగేటట్టు మాట్లాడతాడు. ఇవి చిన్న బాధలని నేను ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోవడం లేదు. "నీ ఇల్లు నీకు ఎప్పుడూ ఉంటుందమ్మా" అన్నాను. ఆ మాటకు నేటికీ కట్టుబడి ఉన్నాను. ఆ వెంటనే అడుగవలసిన మరొక మాట ఉంది. "మరి పిల్లవాడు వెళ్లడన్న సంగతి వాళ్ల నాన్నకు తెలుసా?" అది నేను అడగలేదు.

జూన్‌లో పిల్లవాణ్ణి బడిలో చేర్పించాను. తండ్రి సంతకం కావలసిన చోట, సంరక్షకుడినని వ్రాసి నేనే సంతకం పెట్టాను. ఆగస్టు మొదటి వారం వచ్చింది, వెళ్లిపోయింది. టికెట్లు సూట్‌కేసు జేబులోనే ఉండిపోయాయి. అల్లుడి ఫోను మ్రోగితే అమ్మాయి తీసేది కాదు. తీయమని నేనూ చెప్పలేదు. ఒకనాటి సాయంత్రం మా వియ్యంకులు ఫోను చేశారు. వారు ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించిన పెద్దమనిషి. కోపగించలేదు. "బావగారూ, వాళ్లిద్దరి సంగతీ తరువాత చూద్దాం. పిల్లవాడి గొంతు ఒక్కసారి వినిపించండి. మా ఆవిడ అన్నం తినడం లేదు" అన్నారు. పిల్లవాడు పక్క గదిలోనే కార్లతో ఆడుకొంటున్నాడు. నేను, "నిద్రపోతున్నాడండీ" అన్నాను.

నా జీవితంలో నేనాడిన అబద్ధాలలో అంత చిన్నదీ లేదు, అంత పెద్దదీ లేదు.

పిల్లవాడు మొదట కొన్నాళ్లు, "మన స్కూలు ఎప్పుడు తెరుస్తారు?" అని తల్లిని అడిగేవాడు. తరువాత ఆ ప్రశ్న మానేశాడు. ఒకసారి మాత్రం నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, లైబ్రరీ పుస్తకం ఇవ్వకపోతే నాన్న ఫైన్ కట్టాలా?" అన్నాడు. "నేను కడతానులే" అన్నాను. వాడు నావైపు కాసేపు చూసి, పుస్తకాన్ని తీసుకువెళ్లి మంచం క్రింద దాచుకొన్నాడు.

అక్టోబరులో అమెరికా న్యాయస్థానం ఉత్తర్వు ఒకటి వచ్చింది. తాత్కాలికంగా పిల్లవాడి సంరక్షణ తండ్రికి ఇస్తున్నామనీ, వెంటనే తిరిగి తీసుకురావలసిందనీ దాని సారాంశం. అందులో ఒకచోట అపహరణ అన్న అర్థం వచ్చే మాట ఉంది. "నా బిడ్డను నేను అపహరించడం ఏమిటి నాన్నా?" అని మా అమ్మాయి నిర్ఘాంతపోయింది. అక్కడి కాగితం ఇక్కడ చెల్లదని నేను ధైర్యం చెప్పాను. నవంబరులో పోలీసు జవాను మా క్వార్టరుకు హైకోర్టు నోటీసు తెచ్చేసరికి ఆ ధైర్యం కరిగిపోయింది. అల్లుడు హెబియస్ కార్పస్ పిటిషను వేశాడు. పిల్లవాణ్ణి కోర్టులో హాజరుపరచవలసి ఉంది. ఎదురింటి వారు గేటు దగ్గర నిలబడి చూశారు.

ఒకప్పుడు మన సంస్థ న్యాయ విభాగంలో పనిచేసి, అనంతరం హైకోర్టులో ప్రాక్టీసు పెట్టుకొన్న మిత్రుని దగ్గరకు పరుగెత్తాను. ఆయన మా కాగితాలు చూడకముందే ఒక విషయం చెప్పారు. "అన్నగారూ, మీకు తెలిసినది దొంగలు పిల్లలనెత్తుకుపోవడం. ఇది వేరు. బిడ్డ ఎక్కడ స్థిరంగా పెరుగుతున్నాడో ఆ దేశం నుంచి, రెండో వారి అంగీకారం లేకుండా ఒకరు తీసుకువెళ్లడం గాని, సెలవుల కోసం తీసుకువెళ్లి తిరిగి పంపకుండా అట్టేపెట్టుకోవడం గాని, రెండూ తప్పుగానే లెక్క. మీది ఆ రెండోది."

ఆయన వివరించిన సంగతులను, తరువాత నేను చదివి తెలుసుకొన్నవాటితో చేర్చి ఇక్కడ వ్రాస్తున్నాను.

1980 అక్టోబరు 25న హేగ్ నగరంలో దేశాలు ఒక ఒడంబడిక కుదుర్చుకొన్నాయి. 1983 డిసెంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. నేడు నూరుకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. 16 ఏళ్లలోపు పిల్లలకు అది వర్తిస్తుంది. ఒక సభ్యదేశం నుంచి మరొక సభ్యదేశానికి బిడ్డను అక్రమంగా తీసుకుపోతే, ఆ రెండో దేశపు న్యాయస్థానం బిడ్డను త్వరగా వెనుకకు పంపాలి. ఆరు వారాలలో తేల్చడం లక్ష్యం. తల్లి మంచిదా, తండ్రి మంచివాడా అన్న విచారణలోకి ఆ న్యాయస్థానం దిగదు. దిగకూడదని ఒడంబడికలోనే ఉంది. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది బిడ్డ పెరిగిన చోటి న్యాయస్థానం తేల్చాలి. వెనుకకు పంపమనడం ఆ తీర్పుకు మార్గం వేయడమే తప్ప, ఆ తీర్పు కాదు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. తిరిగి పంపితే బిడ్డకు శారీరకంగానో, మానసికంగానో తీవ్రమైన ప్రమాదం ఉన్నదని రుజువైతే పంపనక్కరలేదు. తగిన వయస్సు, పరిణతి గల బిడ్డ తానే వెళ్లనంటే ఆ మాటను ఆలకించవచ్చు. సంవత్సరం దాటిన తరువాత పిటిషను వేసి, అప్పటికి బిడ్డ కొత్తచోట కుదురుకొని ఉంటే అదీ ఒక కారణమే.

"మన దేశం అందులో చేరలేదు గదా!" అన్నాను, ఏదో ఆధారం దొరికినట్టు. చేరలేదు. మన ఇరుగుపొరుగులలో శ్రీలంక 2001లో చేరింది. పాకిస్తాన్‌లో 2017 నుంచి అమలులో ఉంది. మనం ఇంతవరకు చేరలేదు. కాని చేరనంత మాత్రాన మన న్యాయస్థానాలు చేతులు ముడుచుకు కూర్చోలేదని మిత్రుడు చెప్పారు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. మైనరు బిడ్డ సంక్షేమమే సర్వోపరి అని చెప్పే 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఉంది. వీటి వెలుగులో సుప్రీంకోర్టు నాలుగు దశాబ్దాలుగా దారి వెతుకుతూనే ఉంది.

1984లో ఒక తీర్పు. ఇంగ్లండులో కాపురం ఉన్న దంపతులలో తండ్రి కొడుకును పంజాబుకు తెచ్చేశాడు. ఆ కాపురం ఎక్కడ సాగిందో, ఆ బిడ్డతో ఏ దేశానికి దగ్గర సంబంధమో ఆ దేశపు న్యాయస్థానమే తేల్చాలని చెప్పి, సుప్రీంకోర్టు బిడ్డను తల్లికి అప్పగించింది. 1986లో మరొకటి. మిషిగన్‌లో భారతీయుడైన తండ్రి, వారాంతంలో బిడ్డను చూసుకొనేందుకు కోర్టు ఇచ్చిన అవకాశాన్ని వాడుకొని, కొడుకును విమానమెక్కించి మన దేశానికి తెచ్చాడు. అమెరికన్ తల్లి వెదుక్కుంటూ వచ్చింది. బిడ్డను ఆమెతో పంపించారు. ఈ రెండు తీర్పులలోనూ తెచ్చినవారు తండ్రులు, ఏడ్చినవారు తల్లులు. అప్పుడు ఆ తల్లుల పక్షాన నిలబడి చదివాను. నా సంగతి వచ్చేసరికి అదే న్యాయం నాకు చేదుగా తోచింది.

అన్ని తీర్పులూ ఒకే దారిన నడవలేదు. పసివాడుగా 1984లో వచ్చి, ఇక్కడే తల్లి దగ్గర పన్నెండేళ్లు దాటేవరకు పెరిగిన పిల్లవాణ్ణి వెనుకకు పంపడానికి 1997లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. 2009లో, న్యూయార్కు నుంచి వచ్చిన తల్లీ కొడుకుల ఆచూకీని సి.బి.ఐ. ద్వారా చెన్నైలో కనుగొని, బిడ్డను తిరిగి పంపమన్నది. అప్పుడు తల్లి ప్రయాణపు ఖర్చూ, అక్కడ ఆమె ఉండడానికి వసతీ తండ్రే చూడాలని, ఆమెపై ఉన్న వారంటు రద్దుకు అతడే ప్రయత్నించాలని షరతులు పెట్టింది. 2017లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, విదేశీ న్యాయస్థానపు ఉత్తర్వు పరిగణించవలసిన అంశాలలో ఒకటి మాత్రమేననీ, అన్నిటికన్నా బిడ్డ మేలు ముఖ్యమనీ చెప్పి, గుండె జబ్బున్న ఒక బాలికను తల్లి దగ్గరే ఉండనిచ్చింది. 2019లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన తెలుగువారి పిల్లలిద్దరినీ తిరిగి పంపమన్నది. 2022లో మరొక తీర్పు, తల్లిని వెళ్లమని బలవంతపెట్టే అధికారం కోర్టుకు లేదనీ, బిడ్డ మేలు కోసం బిడ్డను పంపవచ్చుననీ, వెంట వెళ్లడం వెళ్లకపోవడం ఆమె ఇష్టమనీ చెప్పింది.

ఇవన్నీ చెప్పి మిత్రుడు మా అమ్మాయి వైపు తిరిగారు. "అమ్మా, ఒక మాట నిజం చెప్పు. నీ మీద గాని, బిడ్డ మీద గాని అతడు చెయ్యి చేసుకొన్నాడా? బెదిరించాడా? ఉన్నదంటే ఆ దారిలో గట్టిగా పోరాడదాం. అక్కడి పోలీసు, వైద్య కాగితాలు ఏమున్నా తెప్పిద్దాం."

మా అమ్మాయి చాలాసేపు తల వంచుకొని కూర్చుంది. "లేదండీ. నన్ను బాధపెట్టాడు. కొట్టలేదు. బాబు అంటే ప్రాణం పెడతాడు" అన్నది. ఆ ఒక్క వాక్యంతో మా కేసు బలహీనపడిందని నాకు తెలుసు. అబద్ధం చెప్పని బిడ్డను కన్నానని గర్వపడవలసిన క్షణంలో, చెప్పి ఉంటే బాగుండునని ఒక్క నిమిషం అనుకొన్నాను. దాన్ని కూడా దాచకుండా వ్రాస్తున్నాను.

హైకోర్టులో మొదటి వాయిదా నాడు న్యాయమూర్తులు పిల్లవాణ్ణి తమ గదికి పిలిపించుకొన్నారు. మమ్మల్ని బయటనే ఉండమన్నారు. అమ్మ కావాలా నాన్న కావాలా అని వాణ్ణి ఎవరూ అడగలేదట. నీ గదిలో ఏమేమి ఉన్నాయి అని అడిగారట. పైకప్పుకు అంటించిన మెరిసే నక్షత్రాలు, ప్రక్కింటి స్నేహితుడు, శనివారం నాడు నాన్న వేసే పెసరట్టు, అన్నీ వరుసగా చెప్పాడట. చివరకు, తన దగ్గర ఒక లైబ్రరీ పుస్తకం ఉండిపోయిందని కూడా చెప్పాడట. వాడు బయటికి వచ్చేసరికి వరండాలో ఎనిమిది నెలల తరువాత తండ్రి కనిపించాడు. వాడు పరుగెత్తలేదు. నా వైపు చూశాడు, వెళ్లవచ్చునా అన్నట్టు. ఒక తండ్రి దగ్గరకు వెళ్లడానికి కొడుకు నా అనుమతి కోసం చూసిన ఆ చూపు నన్ను దోషిగా నిలబెట్టింది. న్యాయమూర్తుల తీర్పు ఆ తరువాతి సంగతి.

2023 మార్చిలో ఉత్తర్వు వచ్చింది. పిల్లవాణ్ణి ఆరు వారాలలో తిరిగి పంపాలి. తల్లి కోరితే వెంట వెళ్లవచ్చు. టికెట్లు, అక్కడ ఆమెకు విడిగా ఇంటి అద్దె, నెలనెలా ఖర్చులకు ఇంత అని అల్లుడు భరించాలి. ఆమె మీద క్రిమినలు ఫిర్యాదులు పెట్టననీ, ఉన్నవి ఉపసంహరించుకొంటాననీ ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. తల్లి, తండ్రులలో ఎవరు తగినవారన్న విషయంలో తామేమీ చెప్పడం లేదని ఉత్తర్వు చివర స్పష్టంగా ఉంది.

ఆ చివరి వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. 34 ఏళ్లు నేను వ్రాసిన భాష అది. తిరిగి రావలసిన వస్తువు తిరిగి రావాలన్నప్పుడు అది ఎవరి సొత్తు అన్న తగాదాతో స్టోర్స్ వారికి పనిలేదు. ముందు సరుకు రిజిస్టరులో ఉన్న చోటికి రావాలి. తగాదా అక్కడ తేలుతుంది. అయితే బిడ్డ సరుకు కాడు. ఆ తేడా వల్లనే న్యాయస్థానాలు ఇంత మల్లగుల్లాలు పడుతున్నాయని ఇప్పుడు అర్థమవుతోంది. యంత్రమైతే గేటు దాటిన రోజున ఎలా ఉన్నదో తిరిగి వచ్చిన రోజునా అలాగే ఉంటుంది. బిడ్డ రోజురోజుకూ మారిపోతాడు. కొత్త బడి, కొత్త యాస, కొత్త స్నేహాలు కుదురుతాయి. ఆ కుదురునే తన వాదంగా చూపడానికి, తీసుకువచ్చినవారు రోజులు సాగదీస్తారు. నేనూ వాయిదాలు కోరిన ప్రతిసారీ మనసులో లెక్క వేసుకొన్నది అదే. త్వరగా తేల్చాలని హేగ్ ఒడంబడిక పట్టుబట్టడానికి మూలం నావంటివారే.

ఇంతమాత్రం చేత తల్లులందరూ తలవంచుకొని తిరిగి వెళ్లాలని నా అభిప్రాయం కాదు. ప్రపంచం మొత్తం మీద ఇటువంటి కేసులలో బిడ్డను తెచ్చినవారు సుమారు నాలుగింట మూడు వంతులు తల్లులే. వారిలో దెబ్బలు తట్టుకోలేక, పరాయి దేశంలో దిక్కుతోచక పారిపోయి వచ్చినవారు ఉన్నారు. పాస్‌పోర్టు భర్త చేతిలో, వీసా భర్త ఉద్యోగంలో ఉన్న ఆడపిల్లకు పుట్టిల్లు తప్ప దిక్కేమిటి? మన దేశం ఒడంబడికలో చేరకపోవడానికి చెప్పే ముఖ్య కారణం ఇదే. చేరడం మంచిదని లా కమిషను 2009లో తన 218వ నివేదికలో చెప్పింది. 2016లో 263వ నివేదికలో ముసాయిదా బిల్లును కూడా సవరించి ఇచ్చింది. అది చట్టం కాలేదు. 2018లో నివేదిక ఇచ్చిన జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ, మన స్త్రీల స్థితిగతులను దృష్టిలో పెట్టుకొని వేరే ఏర్పాటు కావాలన్నది. ఇరుపక్షాల మాటలోనూ నిజం ఉంది. తల్లికి రక్షణ ఏర్పాటు చేయకుండా బిడ్డను వెనుకకు పంపితే ఒక అన్యాయం. రక్షణ పేరు చెప్పి తండ్రిని బిడ్డకు లేకుండా చేస్తే మరొక అన్యాయం.

కాని మా ఇంట్లో జరిగినది మొదటి రకం కాదు. మా అమ్మాయి బాధకు పరిష్కారం కావాలి, అది నిజం. దానికి ఆమె అక్కడి న్యాయస్థానాన్నే ఆశ్రయించి ఉండవచ్చు. విడిగా ఉండడానికీ, భరణానికీ, కావాలంటే బిడ్డతో మన దేశం వచ్చి స్థిరపడడానికీ అక్కడే అనుమతి అడిగి ఉండవచ్చు. భారత కాన్సులేటు వారికి చెప్పుకొనే దారి ఉంది. ఇవేవీ నేను కనుక్కోలేదు. పుట్టిల్లు అండగా నిలవడం వేరు, పుట్టిల్లే ఒక తాళం కప్ప కావడం వేరు. నేను ఆ రెంటినీ కలగలిపాను.

ఏప్రిల్‌లో తల్లీ కొడుకులు బయలుదేరారు. మా అమ్మాయి వెంట వెళ్లడానికి ఒప్పుకొన్నది. సంచి సర్దేటప్పుడు పిల్లవాడు మంచం క్రింద నుంచి డైనోసార్ల పుస్తకం తీసి, దుమ్ము తుడిచి, అన్నిటికన్నా పైన పెట్టుకొన్నాడు. ఫైను డబ్బు ఎంత పంపాలో అడిగాను. "నాన్నను అడుగుతాను" అన్నాడు. విమానాశ్రయంలో అల్లుడు నాతో, "వెళ్లొస్తాం మామయ్యగారూ" అన్నాడు. నేను, "మీ నాన్నగారికి ఫోను చేస్తాను బాబూ" అన్నాను. ఆ రాత్రే చేశాను. ఆనాడు పిల్లవాడు నిద్రపోలేదని చెప్పాను. వియ్యంకులు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "తెలుసు బావగారూ. కారు చప్పుడు వినిపించింది" అన్నారు.

అక్కడి న్యాయస్థానం ఆ సంవత్సరాంతానికి ఒక ఏర్పాటు చేసింది. బడి ఉన్న రోజులలో తల్లి దగ్గర, వారాంతాలలో తండ్రి దగ్గర. ఇద్దరి ఇళ్లకూ మధ్య పది నిమిషాల దూరం. మా అమ్మాయి కాలేజీలో చేరి చదువుకొంటోంది. ఖాతా ఆమె పేరుతోనే ఉంది. కాపురం మళ్లీ కలుస్తుందో లేదో నేను చెప్పలేను. ఆ ప్రశ్న ఇప్పుడు నేను వేయడం లేదు.

కాని ఒక షరతు మమ్మల్ని బాధిస్తోంది. పిల్లవాణ్ణి ప్రస్తుతానికి భారతదేశానికి తీసుకురావడానికి న్యాయస్థానం అనుమతించలేదు. మన దేశం ఒడంబడికలో లేదు గనుక, మళ్లీ నిలిపివేస్తే తిరిగి రప్పించే సులువైన మార్గం లేదన్నది ఒక కారణం. ఒకసారి నిలిపివేసిన చరిత్ర ఉండడం రెండో కారణం. మొదటి కారణం ప్రభుత్వాలు చూసుకోవలసినది. రెండో కారణం మాత్రం నా సంతకంతో ఉంది. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో అంత దూరం ప్రయాణం చేయలేదు. మనవణ్ణి మా ఇంటికే అట్టేపెట్టుకోవాలని చూసి, వాడు మా ఇంటికే రాకుండా చేసుకొన్నాను.

సోదర ఉద్యోగులకు, ముఖ్యంగా విదేశాలలో పిల్లలున్న తల్లిదండ్రులకు నా మనవి ఇది. కష్టంలో ఉన్న కూతురు గాని, కొడుకు గాని బిడ్డతో గడప తొక్కితే ముందు అన్నం పెట్టండి. ప్రాణభయం ఉన్నదని చెబితే ఆ రాత్రే న్యాయవాదిని కలవండి, ఆధారాలు భద్రపరచండి. అటువంటి భయం లేనప్పుడు మూడు మాటలు అడగండి. వచ్చిన సంగతి రెండోవారికి తెలుసా? తిరిగి వెళ్లే తేదీ ఏది? ఈలోగా బిడ్డ రోజూ వారితో మాట్లాడుతున్నాడా? సంరక్షణ దక్కని తల్లి గాని తండ్రి గాని రోజూ అయిదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది. అది చదివినప్పుడు, అంత పెద్ద న్యాయస్థానం చెప్పవలసి వచ్చిన ఆ అయిదు నిమిషాలను మా వియ్యంకులు నన్ను బ్రతిమాలి అడిగారని గుర్తు వచ్చింది.

ఇప్పుడు శనివారం సాయంత్రం ఏడున్నరకు మా ఇంట్లో ఫోను మ్రోగుతుంది. అక్కడ ఉదయం. పిల్లవాడు తండ్రి ఇంటి వంటగదిలో నుంచి మాట్లాడతాడు. వెనుక పెనం మీద పెసరట్టు వేస్తూ అల్లుడు కనిపిస్తాడు. మా ఆవిడ, అల్లం ముక్కలు ఇంకా సన్నగా తరగమని అతడికి చెబుతుంది. పోయిన వారం పిల్లవాడు, "తాతయ్యా, నేను ఇండియా వచ్చినప్పుడు నా సైకిల్ ఉంటుందా?" అని అడిగాడు. ఉన్నదని చెప్పాను. ఆ మర్నాడు పొద్దున్నే గొలుసుకు నూనె వేసి, టైర్లలో గాలి నింపి పెట్టాను.